తారు కింద సుత్తి దెబ్బలు

ఆ ఎర్ర రేసు కారుకి ఎడమ మడ్‌గార్డు నేనే చేశాను. పాతది తుప్పు తిని జల్లెడైపోయింది. చదును రేకు తెచ్చి, ఇసుక సంచి మీద పెట్టి, పందొమ్మిది రోజులు కొట్టాను. నాది ఎడమ చెయ్యి. దెబ్బలన్నీ ఒక పక్కకి వాలి ఉంటాయి. పైన నున్నగా అరగదీస్తాను గానీ, లోపల వదిలేస్తాను. మా గురువు అలాగే నేర్పాడు.

కారు సెంటు బాబుది. సీసా అంతా ఒంటి మీద పోసుకొస్తాడని మా షెడ్డులో పెట్టిన పేరు. పాత కార్లు కొని, బాగు చేయించి, మోజున్న వాళ్లకి అమ్ముతాడు. మాకు పని ఇచ్చేది ఆయనొక్కడే.

"దెబ్బలు కనపడకుండా లోపల తారు కొట్టెయ్ మేస్త్రీ," అన్నాడు. " అంతా కంపెనీ రేకే అని చెప్తాను. అప్పుడే దానికి విలువ."

"నేను చేశానని చెప్పి అమ్ముకో."

"నువ్వెవరో ఎవరికి తెలుసు?"

"అందుకేగా చెప్పమంటున్నా!"

అన్నం తినొచ్చేసరికి మా పెద్దాడు తారు కొట్టేశాడు. బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది.

"ఏం చెయ్యమంటావు నాన్నా? ఆయన కాదంటే షెడ్డుకి తాళమే," అన్నాడు, నా మొహం చూడకుండా.

మర్నాడు పొద్దున కారు కొంటానని ఒక డాక్టరమ్మ వచ్చింది. రెండుసార్లు చుట్టూ తిరిగి, ఎడమ మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టింది.

"ఇది కూడా అప్పటిదేనా?"

"కంపెనీ కడుపున పుట్టినప్పటిదే మేడమ్," అన్నాడు సెంటు బాబు.

నాకు ఒళ్లు మండిపోయింది. పందొమ్మిది రోజులు నొప్పులు పడ్డది నేను, బిడ్డ కంపెనీదా! గుడ్డ తీసుకుని చక్రం పక్కన కూలబడ్డాను. లోపల చెయ్యి పెట్టి రుద్దాను. తారు ఊడలేదు.

"పెద్దాయనకి కాస్త మతి సరిగా లేదు మేడమ్."

"మతి ఉంది. లేనివి మోకాళ్లే," అన్నాను. "అమ్మా, ఈ రేకు నేను కొట్టింది."

"ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు! ఇంకొక్క కారు నీ గుమ్మం తొక్కదు!"

నేను రుద్దుతూనే ఉన్నాను. నా పక్కన ఎవరో కూర్చున్నారు. మా పెద్దాడు. చేతిలో కిరోసిన్ డబ్బా.

"ఉత్త గుడ్డకి పోదు నాన్నా," అని గుడ్డ తడిపాడు.

తారు కరిగి కారింది. దెబ్బలు బయటపడ్డాయి. డాక్టరమ్మ నలుపు అంటుతుందని కూడా చూడకుండా చెయ్యి పెట్టి తడిమింది.

"మీది ఎడమ చెయ్యా?" అంది నాతో. తర్వాత సెంటు బాబు వైపు తిరిగి, "ఇంకా ఏమేం దాచారు?" అంది. కారు కొనకుండానే ఆవిడ వెళ్లిపోయింది.

సాయంత్రానికి సెంటు బాబు కారుని లారీ ఎక్కించుకుపోయాడు. మేమిప్పుడు గేట్లు, నీళ్ల తొట్లు చేస్తున్నాం. ఆ మడ్‌గార్డుకి లోపల మళ్లీ తారు పూయించాడని మొన్న ఎవరో చెప్పారు.

పూసుకోనీ. కిరోసిన్ ఎక్కడైనా దొరుకుతుంది.