ఉప్పు వెయ్యని నీళ్ళు

పొద్దున్నే ఇసుక మీద చిట్టి చేపలు ఆరబోయడం, ఎండెక్కాక తిరగెయ్యడం, కాకుల్ని అదిలించడం, ఇదీ మ్వాజుమా పని. టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఆ పల్లెలో ఆడవాళ్ళందరి పనీ అదే. పని మధ్యలో ఒక్కోసారి ఆమె కూతురు జుహురా మూర్ఛ వచ్చి విరుచుకు పడిపోయేది. పడగానే చుట్టూ ఉన్నవాళ్ళు చేటలు ఎక్కడివక్కడ వదిలేసి వెనక్కి జరిగేవాళ్ళు. అప్పుడు సరస్సులోంచి మషాకా లేచి వచ్చేవాడు.

మషాకా జుహురా తండ్రి. అంతకు ముందు వానాకాలం పడవ తిరగబడి పోయాడు. శవం దొరకలేదు. కూతురు పడినప్పుడు మాత్రం తడి చొక్కాతో వచ్చి, దాని తల ఒళ్ళో పెట్టుకుని, ఒక పక్కకి తిప్పి పట్టుకుని కూర్చునేవాడు. కుదుపులు తగ్గాక, పిల్ల కళ్ళు తెరిచేలోగా వెళ్ళిపోయేవాడు. ఊరికి అది అలవాటైపోయింది.

"మీ ఆయనకి కాస్త చెప్పవే మ్వాజుమా," అని పక్కన చేపలు ఆరబోసుకునే ముసలి కిదావా విసుక్కునేది. "వచ్చినప్పుడల్లా నా చేపలు తొక్కుకుంటూ పోతాడు. బతికున్నప్పుడూ ఇంతే, కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడిచేవాడు."

"నువ్వే చెప్పు పిన్నీ. నా మాట ఎప్పుడు విన్నాడు గనక!"

మూర్ఛని వాళ్ళ భాషలో కిఫాఫా అంటారు. 'ఫా' అంటే చావడం, ఆ మాటలోనే చావు ఉందంటారు పెద్దవాళ్ళు. పడినవాళ్ళని ముట్టుకుంటే, నోటి నురగ చేతికి తగిలితే, అది మనకీ అంటుకుంటుందని అక్కడ ఉగ్గుపాలతో నేర్పుతారు. మషాకా ఒక్కడే ఆ మాట లెక్కచెయ్యలేదు. "అంటుకుంటే అంటుకోనీ, నా పిల్లదేగా" అనేవాడు. అతను బతికుండగా, చేపల వేటకి పోయిన ఒక రోజు జుహురా పొయ్యిలో పడింది. మ్వాజుమా గరిటెతో నిప్పులు అవతలకి నెడుతూ కేకలు పెట్టింది గానీ పిల్లని ముట్టుకోలేదు. కూతురి మోచేతి మీద కాలిన మచ్చని ఆమె ఆ తర్వాత సూటిగా చూడలేకపోయేది.

అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకోటుంది. మొగుడు పోయాక, కూతురు ఎప్పుడు పడుతుందా అని ఆమె ఎదురుచూసేది. దానికోసమే ఒంటికి చుట్టుకునే రంగుల గుడ్డల్లో మంచి కాంగా తీసి కట్టుకునేది, ఫ్లాస్కులో అల్లం టీ పోసి పెట్టుకునేది. అతను వచ్చి పిల్ల తల పట్టుకునే ఉండి నాలుగు మాటలు మాట్లాడేవాడు. నెట్లు ఎవరు బాగుచేస్తున్నారు, కప్పు కురుస్తోందా అని అడిగేవాడు. ఆ నాలుగు మాటలతోనే మ్వాజుమా వారమంతా బతికేది.

మూడు రకాల మాత్రలు మింగినా జుహురా జబ్బు తగ్గలేదు. అప్పుడు పట్నం ఆస్పత్రి నుంచి దెవోతా అనే నర్సు ఒక టోపీ, ఒక చిన్న డబ్బా పట్టుకుని వచ్చింది.

"తల కొయ్యరు, సూది గుచ్చరు. ఈ టోపీలో రెండు స్పాంజి ముక్కలున్నాయి. తడిపి తలకి పెడితే సన్నటి కరెంటు పోతుంది. మెదడులో ఒక మూల ఊరికే పేట్రేగిపోతోంది కదా, దాన్ని జోకొడుతుంది, అంతే."

"కరెంటా! పిల్ల మాడిపోదూ?"

"టార్చిలైటులో ఉన్నంత కూడా ఉండదమ్మా. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఉప్పునీళ్ళతోనే తడపాలి. ఉత్త నీళ్ళయితే కరెంటు సరిగ్గా పోదు, డబ్బా మీద ఎర్రదీపం వెలుగుతుంది. పచ్చదీపం వెలిగితే పనిచేస్తున్నట్టు."

రోజూ పొద్దున్న మ్వాజుమా గ్లాసెడు నీళ్ళలో ఉవింజా ఊరి నుంచి వచ్చే ఉప్పు కలిపి స్పాంజీలు తడిపేది. "నెత్తిమీద చీమలు పాకుతున్నాయే అమ్మా" అని జుహురా కిలకిలా నవ్వేది. వారం వారం పడే పిల్ల నెలకోసారి పడటం మొదలుపెట్టింది. దర్జీ అసుమానీ కబురు పెట్టాడు: రాబోయే వానాకాలమంతా పడకుండా ఉంటే కుట్టుమిషను మీద కూర్చోబెడతానని. ఆ రోజు జుహురా అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

వానలు మొదలవకముందు చివరిసారి వచ్చినప్పుడు మషాకా మొహం వెలిగిపోయింది. "మన పిల్ల బాగుపడుతోందే!"

"నీకేం, బాగానే ఉంటుంది," అంది మ్వాజుమా. పిల్ల పడకపోతే ఇక నువ్వు రావుగా అని మాత్రం అనలేదు.

వానలు మొదలయ్యాక జుహురా పడలేదు, అతనూ రాలేదు. ఫ్లాస్కులో టీ రోజూ చల్లారిపోయేది. కిదావా కూడా "మీ ఆయన కనబడటం లేదేంటే, అలిగాడా?" అని వాకబు చేసింది. వానలు ఇంకో రెండు మూడు జల్లులతో పోతాయనగా, ఒక పొద్దున మ్వాజుమా చెయ్యి ఉప్పు డబ్బా దాకా వెళ్ళి ఆగిపోయింది. ఒక్కసారి చూస్తాను, ఒక్కసారేగా అనుకుంది. ఉత్త సరస్సు నీళ్ళతో స్పాంజీలు తడిపి, ఎర్రదీపం కూతురికి కనబడకుండా డబ్బాని గోడవైపు తిప్పింది. మర్నాడూ అంతే చేసింది. ఆ మర్నాడూ అంతే.

ఆ మూడో రోజు మధ్యాహ్నం జుహురా పెరట్లో రుబ్బురాయి పక్కన పడింది. మషాకా వచ్చాడు. వచ్చాడు గానీ, దడి దగ్గరే ఆగిపోయాడు.

"రావేం? పట్టుకో! తల రాయికి కొట్టుకుంటోంది!"

"ఉప్పు వెయ్యలేదు కదూ?"

"నిన్ను చూడాలనిపించింది."

"చూశావుగా. ఇక నువ్వు పట్టుకో."

"నాకు భయం, మషాకా."

"నాకు మాత్రం లేదనుకున్నావా? ప్రతిసారీ భయపడుతూనే పట్టుకున్నాను."

తల మళ్ళీ రాయికి తగిలింది. ఆ చప్పుడుకి మ్వాజుమా ఇంక నిలబడలేకపోయింది. మోకాళ్ళ మీద పడి కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది. నురగ చేతులకీ మంచి కాంగాకీ అంటుకుంది. పిల్ల దేహం ఇంత బలంగా కుదుపుతుందని ఆమెకి అప్పుడే తెలిసింది. గట్టిగా పట్టుకోవాలంటే దడివైపు వీపు పెట్టాల్సి వచ్చింది. కుదుపులు ఆగాక తల తిప్పి చూస్తే అక్కడ ఎవరూ లేరు. ఎప్పుడు వెళ్ళాడో కూడా చూడలేదని ఆమె గుండె పగిలేలా ఏడ్చింది.

జుహురా కళ్ళు తెరిచింది. తన తల చుట్టూ ఉన్న చేతులని తడిమి చూసింది.

"అమ్మా, నువ్వా పట్టుకున్నావ్?"

"నేనే తల్లీ. ఉప్పు వెయ్యలేదు నేను. పాపిష్టిదాన్ని."

"తెలుసు."

"తెలుసా?"

"మూడు రోజులుగా చీమలు పాకలేదుగా."

"మరి చెప్పలేదేమే! కుట్టుపని పోయిందే నీకు!"

"నాన్న వచ్చినప్పుడల్లా నాకు స్పృహ ఉండదు కదమ్మా. పోయిన తర్వాత నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నువ్వయినా చూస్తావని ఊరుకున్నాను."

మ్వాజుమా కూతురి మోచేతి మీద మచ్చని నిమురుతూ కూర్చుంది.

"ఎలా ఉన్నాడమ్మా?"

"చిక్కిపోయాడు," అంది తల్లి. అతను వచ్చిన రోజుల గురించి ఆ పిల్లకి మొదటిసారి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత జుహురా పడిన రోజులు బహు తక్కువ. పడినప్పుడు తల్లే పట్టుకుంది. సరస్సులోంచి మళ్ళీ ఎవరూ రాలేదు.