మసిరాయుడికి నా ముఖం

మాంత్రికుడు మసిరాయుడు ఏ రెండు నెలలూ ఒకే రూపంలో ఉండేవాడు కాదు. బొమ్మల కథల పత్రిక అట్ట మీద ఒక నెల సన్యాసి, మరో నెల మొసలి, ఇంకో నెల పాలమ్మే అవ్వ. ఎదురుగా కత్తి దూసిన రాకుమారుడిది మాత్రం ఎప్పుడూ ఒకటే ముఖం. అది మా స్నేహితుడు రాజగోపాల్ ముఖం. మిగతావన్నీ నావి.

చిక్కపేటలో బట్టల అంగడి పైగదిలో గిరిధర్ ఆ అట్టలు గీసేవాడు. నా గడ్డం కింద టార్చి వెలిగించి, "రామాంజినప్పా, మొసలి!" అనేవాడు. నేను దవడ సాచేవాణ్ణి. కింద అంగడిలో బేరమాడుతున్నవాళ్ళు చీరలు వదిలేసి మెజెస్టిక్ బస్టాండు దాకా పరుగెత్తేవాళ్ళు. పాలవ్వగా కూర్చున్ననాడు నిజమైన పాలవ్వ మెట్లెక్కి వచ్చి, నా వాడుకలు లాక్కుంటావా అని కొట్లాడింది. అబద్ధమనుకుంటే గిరిధర్‌ని అడగండి. వాడు పోయాడు, అది వేరే సంగతి.

మహదేవపురలో ఒక మాల్‌లో ఆ పాత అట్టలు ప్రదర్శనకు పెట్టారని తెలిసి, ముఖానికి మాస్కు కట్టుకుని మా ఆవిడ పిల్లమ్మతో వెళ్ళాను. ప్రతి అట్ట కిందా చీటీ ఉంది. చిత్రకారుడు గిరిధర్. రాకుమారుడు రాజగోపాల్. మసిరాయుడు చిత్రకారుడి ఊహ.

ఊహకు ఇంత ముక్కు ఉంటుందా?

రాజగోపాల్ అక్కడే ఉన్నాడు. జుట్టుకు రంగేసుకుని పిల్లలతో సెల్ఫీలు దిగుతున్నాడు.

"నువ్వన్నా చెప్పప్పా, మసిరాయుడు నేనేనని."

"ఎప్పటి మాటో అది. నాకు జ్ఞాపకం లేదప్పా," అని మళ్ళీ ఫోను వైపు నవ్వాడు.

ప్రదర్శన చూసుకునే నవ్య అనే అమ్మాయిని పట్టుకున్నాను. చీటీ మీద నా పేరు రాయమన్నాను.

"ఇన్ని ఫేసులు ఒక్కరే ఎలా చేస్తారంకుల్?"

"అదేనమ్మా నా పని."

"అయితే ఒకటి చేసి చూపించండి. మొసలి."

"వద్దు, రాండి పోదాం," అంది పిల్లమ్మ.

మాస్కు తీశాను. ఉగాది ముందు వాతం కొట్టినప్పటి నుంచి నా ముఖంలో ఎడమ సగం చెప్పినమాట వినడం లేదు. కన్ను మూతపడదు, మూతి కిందికి జారింది. మిగిలిన సగంతోనే దవడ సాచాను. మొసలి రాలేదు, కన్నీళ్ళే వచ్చాయి. ఇక లాభం లేదని ముఖాన్ని దాని దారిన వదిలేశాను.

అప్పుడు ఫొటో తీయడానికి ఫోను ఎత్తింది నవ్య.

"అబ్బ! అదే అంకుల్, అలాగే ఉంచండి! మా పత్రిక కొత్త కవర్‌కి విలన్ ఇదే. నిజంగా మీరే మసిరాయుడు! పేరు ఇప్పుడే రాయిస్తా."

"అది ఏషం కాదమ్మా, ఆయప్పకు..." అని పిల్లమ్మ మొదలుపెట్టింది. ఆమె చెయ్యి గట్టిగా నొక్కాను.

"ఇంకొంచెంసేపు పెట్టుకోగలరా? కష్టంగా ఉందా అంకుల్?"

"నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు పెట్టుకుంటానమ్మా," అన్నాను. "నాకు బాగా అలవాటైపోయిండాది."