పాత కర్రల వరస

పొద్దున్నే ఇంగున్ చేసే మొదటి పని మొగుడి లారీ అద్దం మీద పేరుకున్న మంచు గీకడం. తన లారీది తర్వాత. నార్వే ఉత్తరపు కొసన ఆ కాల్‌ఫెల్ కనుమలో చలి ఎంతటిదంటే, ఆవలిస్తే ఆవులింత గడ్డకట్టి కాళ్ళ దగ్గర పడుతుంది. దాన్ని ఏరుకుని పొయ్యి దగ్గర కరిగిస్తేగాని మళ్ళీ నిద్ర రాదు. ఇందులో సగం అబద్ధం. అక్కడి ఆడవాళ్ళు మంచు మీద తెగ జారిపడతారనీ, అదీ ఎక్కువగా వంటింట్లోనేననీ అంటే మాత్రం పూర్తిగా నిజం. ఆ మార్చి పొద్దున ఇంగున్ పెదవి చిట్లింది, మొగుడి కాఫీ చల్లారినందుకు.

"వాడి చెయ్యి దురుసేగాని మనసు మంచిదే అమ్మాయ్," అంటుంది అత్తగారు. పద్దెనిమిదేళ్ళుగా ఇంగున్ ఆ మనసు కోసం చూస్తూనే ఉంది. ఎదురయ్యేది ఎప్పుడూ చెయ్యే.

వెళ్ళిపోదామని ఎన్నిసార్లనుకుందో లెక్కలేదు. కానీ ఎప్పుడు వెళ్ళాలి? కనుమ దారి మీది మంచును లారీలతో తోసే పని మొగుడూ పెళ్ళాలిద్దరిదీ. షెడ్డు ఒకటే, దారి ఒకటే, ఇంటికొచ్చే వేళా ఒకటే. బళ్ళ వరసకి ముందు లారీ మొగుడు స్టైనార్‌ది, చివరి లారీ ఆమెది, మధ్యలో అందరికీ వినిపించే వైర్‌లెస్. గంటకి పదిసార్లు "ఎక్కడ చచ్చావే?" అన్న కేక. ఒకసారి బస్‌స్టాపు దాకా నడిచి వెళ్ళింది. బస్సు కన్నా ముందు అతనొచ్చాడు. ఆ రోజు విరిగిన వేలు ఇప్పటికీ సరిగా ముడుచుకోదు. అతను ఇంటికి రాలేని ఒక్క పూట దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేది. ఆ పూటే దొరకలేదు.

శీతాకాలం రాకముందే దారికి రెండు పక్కలా మనిషెత్తు కర్రలు పాతడం కూడా ఆమె వంతే. కాంట్రాక్టు మొగుడి పేర ఉంది గనక దానికి జీతం లేదు. మంచు కురిశాక దారంటూ ఉండదు, కర్రలే దారి. నిరుడు సరస్సు దగ్గర రోడ్డును కుడికి జరిపి వేశారు. పాత రోడ్డు కర్రలు అలాగే ఉండిపోయాయి. పీకేద్దామంటే, "పాతేదానివి పాతు. నడిపేవాణ్ణి నేను," అన్నాడు స్టైనార్.

ఆ ఉదయం కనుమ మొదట్లో ఉన్న గేటు దాటుతుంటే ముసలి కాపలాదారు ఏవిన్ ఆమెను చూసి, "పెదవికేమైందే తల్లీ?" అన్నాడు.

"జారాను."

"ఈ కొండ మీద నువ్వు జారినన్నిసార్లు మంచు కూడా జారలేదు," అని నవ్వబోయి, సగంలో మానేశాడు.

మధ్యాహ్నం అవతలివైపు నుంచి తొమ్మిది బళ్ళను వెంటబెట్టుకుని తిరిగి బయల్దేరారు. తుఫానులో ఒంటరిగా ఎవర్నీ కనుమ ఎక్కనివ్వరు. ముందు మంచు తోసే లారీ, దాని వెనక ఒకదాన్నొకటి అంటుకున్నట్టు బళ్ళు, చివర ఇంగున్. సగం దారిలో గాలి విరుచుకుపడింది. అది వీచడం కాదు, కొట్టడం. లారీ పక్కలు డప్పుల్లా మోగాయి. బయట చూద్దామని ఒకాయన కారు తలుపు తీస్తే, గాలి దాన్ని ఊడబెరికి ఎత్తుకుపోయింది. ఆ తలుపు ఇంకా నేల మీద దిగలేదంటారు అక్కడివాళ్ళు.

"స్టైనార్, సరస్సు వస్తోంది. ఎడమ వరస పాత కర్రలు. కుడి వరస పట్టుకో," అంది ఇంగున్ వైర్‌లెస్‌లో.

"ఏవిన్, విన్నావా? నా లారీని తోక దగ్గర్నుంచి నడుపుతోంది మా ఆవిడ! నోరు మూసుకుని వెనకే రావే."

ఇంకో మాట అనేలోపల వైర్‌లెస్‌లో ఇనుము అరిచింది.

ఇంగున్ నడుముకి తాడు కట్టుకుని దిగింది. గాలి రెండుసార్లు పడేసింది. ఒక్కో బండి అద్దం మీదా పిడికిలితో గుద్దుతూ, "కదలొద్దు!" అని అరుస్తూ ముందుకు పాకింది. స్టైనార్ లారీ పాత కర్రల వెంట వెళ్ళి సరస్సు గట్టు మీద ముక్కు దిగబడి ఒరిగి ఉంది. అతనికి గీత కూడా పడలేదు. అద్దం దించి ఆమె కోటు టోపీ పట్టుకుని లాగాడు.

"ముందు నన్ను లాగు! ఇలా చూస్తే జనం నవ్వుతారు!"

"ఆ బళ్ళలో పసిపిల్లలున్నారు. వాళ్ళని దించాకే."

తలుపు అంచుకేసి ఆమె తల కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కారిన నెత్తురు గడ్డం దాకా రాకుండానే గడ్డకట్టింది. ఇంగున్ ఆ మణికట్టును కొరికింది, పళ్ళకి ఎముక తగిలేదాకా. చెయ్యి వదిలింది.

వరసలో మొదటి బండి చేపల లారీ. దాని డ్రైవరు అస్లాక్ ఇనుప కడ్డీ పట్టుకుని వచ్చేశాడు. "లోపలే కూర్చో స్టైనార్. ఈసారి దెబ్బ నీ తల మీద పడుతుంది," అని, ఆమె వైపు తిరిగి, "నువ్వు ముందు నడువక్కా. తోక నేను చూసుకుంటా," అన్నాడు.

ఇంగున్ తన లారీని వరస ముందుకు తెచ్చింది. కుడి వరస కర్రలు ఒక్కొక్కటీ తెల్లటి చీకట్లోంచి బయటికొస్తుంటే, ఏ కర్ర దగ్గర రాయి తగిలిందో, ఏ కర్ర దగ్గర అరచేయి బొబ్బలెక్కిందో తెలిసిపోతోంది. ఇన్నేళ్ళూ వెనక నుంచే చూసిన దారి ఇది. ముందు నుంచి చూస్తే తన దారే.

తొమ్మిది బళ్ళూ కొండ దిగి గేటు దాటాయి. ఏవిన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఆమె నుదురు చూసి, కొండ వైపు తలెత్తాడు.

"వాడో?"

"పైన. లారీలోనే. హీటరుంది, డీజిలుంది. క్షేమమే."

"గాలి తగ్గేదాకా ఎవర్నీ పంపలేను. రేపు పొద్దున పదింటిదాకా వాడు ఆ కొండ దిగలేడు."

"పదింటిదాకానా?"

"అవును. ఏం?"

వైర్‌లెస్ గరగరలాడింది. "ఇంగున్! ఎక్కడ చచ్చావే?"

కనుమలోని లారీలన్నీ వింటున్నాయి. ఆమె మీట నొక్కింది.

"ఇంటికెళ్తున్నా స్టైనార్, నా సామాను సర్దుకోవడానికి. నువ్వు మాత్రం దిగకు. బయట చలి."