గట్టినేల

పొద్దున లేవగానే నేను ముట్టుకునేది కాఫీ గ్లాసు కాదు, దొరసాని కుడి ముంగాలు. గిట్టకి కాస్త పైన అరచెయ్యి ఆనించి చూస్తాను. వేడిగా ఉంటే చన్నీళ్ళ గుడ్డ చుడతాను. ఆ తర్వాత ఎనిమిది గుర్రాల లద్దె ఎత్తి, దాణా కలిపి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తాను. మా ఆయన నడిపే గుర్రపుస్వారీ బడిలో నాకు ఉద్యోగమంటూ ఏమీ లేదు. ఊరికే కాస్త సాయం చేస్తుంటుందని వచ్చినవాళ్ళకి ఆయన చెబుతారు. పన్నెండేళ్ళుగా ఊరికే సాయం చేస్తున్నాను.

దొరసాని అని పేరు పెట్టింది మామగారు. రెండేళ్ళుగా ఆ ఆడగుర్రానికి కుంటు. మొదటినుంచీ బెదురు. ఒంటరిగా కట్టేస్తే తలుపు దగ్గర నిలబడి గంటలకొద్దీ అటూ ఇటూ ఊగుతుంది, మేత ముట్టదు. ఒళ్ళొంచనిదానికి ఆ పేరే సరి అన్నారు మామగారు. మధ్యాహ్నం నేను కాసేపు నడుం వాల్చినా అత్తగారి నోట అదే పేరు. ఇంటికి ఇద్దరు దొరసానులమన్నమాట.

పోయినవారం భోజనాల దగ్గర దాని సంగతి తేల్చేశారు. స్వారీకి ఎలాగూ పనికిరాదు కాబట్టి మగగుర్రం దగ్గరికి పంపి పిల్లనైనా తీద్దామన్నారు మా ఆయన. అత్తగారు తలూపారు. “ఒక్క ఈత ఈనితే అన్నీ సర్దుకుంటాయి. బెదురూ పోతుంది, కుంటూ పోతుంది.”

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మాట నాకు కొత్త కాదు. పెద్దది పుట్టాక నడుంనొప్పితో లేవలేకపోతుంటే, రెండో కాన్పుతో అదే సర్దుకుంటుందని నాతోనూ అన్నారావిడ. రెండోవాడు పుట్టాడు. వాడికిప్పుడు ఏడేళ్ళు. నడుం ఇంకా సర్దుకుంటూనే ఉంది.

దాని కాలు బాగాలేదన్నాను. “నడుస్తోందిగా” అన్నారు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా. నా నడుం గురించి చెప్పినా ఆయన చూసేది ఇంతే. వంటయిందా, అయింది, అయితే మనిషి బాగానే ఉన్నట్టు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే అంట్లు తోమాను.

ఈరోజు పశువుల డాక్టరొచ్చాడు, ఈతకి పనికొస్తుందో లేదో రాసివ్వడానికి. ఎవరొచ్చినా మా ఆయన దాన్ని ఇసుకలోనే పరిగెత్తించి చూపిస్తారు. మెత్తటి ఇసుకలో దాని కుంటు సగం కనబడదు. పక్కన నేనుంటే బెదురూ కనబడదు. అందుకే, తాడు నువ్వు పట్టుకో, లేకపోతే డాక్టరు ముందు వేషాలేస్తుందని నన్ను పిలిచారు. దాని నొప్పిని దాచిపెట్టడంలో ఇన్నాళ్ళూ ఆ ఇసుకకీ నాకూ తేడా లేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

తాడు పట్టుకుని దాన్ని సిమెంటు వాకిలి వైపు తిప్పాను. అటెక్కడికని మా ఆయన కేకేశారు.

“గట్టినేల మీద చూపిద్దామండీ.”

పరిగెత్తించమన్నాడు డాక్టరు. నడుం కలుక్కుమంటున్నా దాని పక్కనే పరిగెత్తాను. కుడికాలు సిమెంటుకి తగిలినప్పుడల్లా దొరసాని తల పైకెగురుతోంది. రెండో చుట్టు అక్కర్లేకపోయింది. అప్పుడు తాడు మా ఆయన చేతికిచ్చి పదడుగులు వెనక్కి జరిగాను. క్షణంలో దాని ఒళ్ళంతా వణుకు, మెడంతా చెమట. నాకోసం మెడ తిప్పి వెతుకుతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని, నేను కదల్లేదు.

డాక్టరు గిట్ట పట్టి చూశాడు. లోపలి ఎముక అరిగిపోయిందన్నాడు. చూలు బరువు ఈ కాలు మోయలేదు కాబట్టి ఈతా వద్దు, స్వారీ అసలే వద్దు, తోడిచ్చి పచ్చికలో వదిలేయమన్నాడు. “నొప్పి మరీ ఎక్కువైతే మాత్రం బతికించి బాధపెట్టకూడదు, ఇంజెక్షనిచ్చి పంపించేయాలి. ఆ రోజు వచ్చిందని రోజూ ముట్టుకునేవాళ్ళకే తెలుస్తుంది.”

“నేను చెబుతానండి,” అన్నాను.

డాక్టరు బండి మలుపు తిరిగిందో లేదో మా ఆయన నా మీదకొచ్చారు. “స్వారీ లేదు, పిల్లా లేదు. ఊరికే పడుండేదానికి మేతెవరు వేస్తారు?”

“ఇన్నాళ్ళూ ఎవరేశారో వాళ్ళే.”

ఆయన చేతిలోంచి తాడు తీసుకున్నాను. దొరసానిని వెనక పచ్చికలోకి తీసుకెళ్ళి, అక్కడ మేసే మా ముసలి గాడిద పక్కన వదిలాను. కాసేపు చెవులు రిక్కించుకుని నిలబడి, తర్వాత గడ్డి కొరకడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో ఉన్నారు. వంటింకా కాలేదన్నారు. చేతులు కడుక్కుని, రేపు పొద్దున్నే నడుం చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్తున్నానని చెప్పాను.

“ఇప్పుడేమొచ్చింది? నడుస్తున్నావుగా.”

“దొరసానీ నడిచింది అత్తయ్యా. రేపటి లద్దె మీ అబ్బాయిని ఎత్తమనండి.”