నీళ్ళ రంగు

ఇంకొంచెం పసుపు, అంతే, కంప్యూటర్ తెర మీది ఈ చుక్కని గీత మీద కాస్త కుడికి జరిపితే చాలు, ఫొటోలో, చెరువు మెరిసిపోతుంది, మాస్టారికి నచ్చుతుంది, ఆయన నా కుర్చీ వెనకే నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, పొయ్యమ్మా, ఇంకాస్త బంగారం పొయ్యి, ఇంత చప్పగా ఉంటే ఎవరు చూస్తారు అంటున్నారు, రేపటి ప్రదర్శన నాది, పేరు నాది, ఫొటోలు నావి, ఏళ్ళ తరబడి ఆయన తీసిన కొండలకీ వాగులకీ ఈ కుర్చీలో కూర్చుని బంగారం పోసింది నేనే, లోకం దాన్ని మాస్టారి రంగు అంది, నేనూ అన్నాను, ఇప్పుడు నా ఫొటోలు చూసి అబ్బ, అచ్చం మాస్టారివే అంటుంటే మెచ్చుకున్నారో దెప్పారో తెలియక నవ్వి ఊరుకుంటున్నాను.

చెల్లి మాత్రం నవ్వలేదు, నిన్న నమూనా ప్రింట్లు గోడకు ఆనిస్తూ ఈ చెరువు దగ్గర ఆగిపోయింది, అక్కా, ఆ రోజు నేనూ నీ పక్కనే ఉన్నాగా, వాన అప్పుడే వెలిసింది, చలికి పళ్ళు టకటకలాడాయి, నీళ్ళు ఇలా ఎక్కడున్నాయే, ఇదెవరు చూసిన చెరువు అంది, నీకేం తెలుసు పో అని కసిరాను, కసిరానే గాని, ఆ రోజు గట్టున కూర్చుని నేను చూసిందేమిటి, బూడిదరంగు నీళ్ళు, అడుగున ఎక్కడో సీసా పెంకులాంటి పచ్చ, తడిసి నల్లబడ్డ మట్టి, చెల్లి ఏదో అనబోతే ఉష్ అన్నాను, మాట్లాడితే ఆ రంగు బెదిరి పారిపోతుందన్నట్టు.

ప్రింటర్ దగ్గర పనిచేసే పెద్దాయన తలుపు తోసి కాగితం ఎక్కించానమ్మా, ఆరడానికి టైం కావాలి, కానివ్వండి అన్నాడు, చుక్కని ఎడమకి లాగేశాను, పసుపంతా దిగిపోయింది, మాస్టారు గబుక్కున కళ్ళజోడు పెట్టుకున్నారు, ఏంటమ్మా, చంపేశావు దాన్ని, ఇదేనా నా దగ్గర నేర్చుకున్నది, కాదండీ అన్నాను, అది నా గొంతేనా, ఇంకేమంటారో, కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి, అయినా వేలు మళ్ళీ కుడికి పోనంటోంది, ప్రింట్ నొక్కేశాను, కాగితం కొంచెం కొంచెంగా బయటికొస్తోంది, ముందు బూడిద, తర్వాత పచ్చ, ఆయన వంగి చూస్తున్నారు, ఇన్నేళ్ళూ నాదంటూ ఒక రంగు ఎక్కడో వెతికి పట్టుకోవాలనుకున్నాను, ప్రతి ఫొటోలోనూ బాగుచేద్దామని నేను మొట్టమొదట తుడిచేస్తూ వచ్చింది ఏదో, నా రంగు అదే.