మైనం పట్టని పికప్

సుకుమారికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. రెండేళ్ల కొడుకు సాగర్‌కు నిద్రలో ఊపిరి ఆగిపోతే, పక్క గదిలో ఉండి కూడా ఆ సంగతి తనకు వినపడదేమోనని.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె అన్న దయాసాగర్ అట్లాగే పోయాడు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాడు. పొట్టు దుమ్ము రొమ్ములో చేరి ఆయాసం పట్టింది. ఒక మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ పెళ్లికి పోయినప్పుడు మంచం మీద ఒక్కడే ఊపిరాడక పోయాడు. తర్వాత పుట్టిన మేనల్లుడికి అతని పేరే పెట్టారు. పేరుతో పాటు ఆయాసం కూడా వచ్చింది.

అన్న వదిలిపోయింది ఒక ఎలక్ట్రిక్ గిటార్. గరిటెలు చేసే చెక్కతోనే దాని ఒళ్లు తనే చెక్కుకున్నాడు. తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఒకే ఒక్క పికప్ ఉండేది. అయస్కాంతాలకు సన్నటి రాగితీగ చుట్టిన పాతకాలపుది, మద్రాసులో ఎవరో పాత గిటార్‌లోంచి పీకి పడేసింది. అది తీగల మోతనే కాదు, పక్కన జరిగే ప్రతి అలికిడినీ లాక్కుని ఆంప్లిఫయర్ పెట్టెలో వినిపించేది. అన్న బ్రిడ్జి మీద గోటితో టక్ టక్‌మని తట్టి, "చెల్లే, టీ పెట్టు," అంటే వంటింట్లో ఉంచిన పెట్టె పలికేది.

అన్న ఇంట్లోనే కాపురముంటున్న సుకుమారి కొడుకును పడుకోబెట్టి, గిటార్‌ను మంచానికి ఆనించేది. పెట్టెలో వాడి పిల్లికూతలు వింటూ వంట చేసుకునేది.

ఆదివారాలు ఆ గిటార్‌ను ఆమె భర్త ఎడ్విన్ చర్చిలో వాయించేవాడు. సరిగ్గా ప్రార్థన మధ్యలో అది ఊళ వేసేది. "ఏంది ఎడ్వినూ, నక్కను గాని కట్టేసినావా లోపల?" అన్నాడు సంఘపెద్ద సామ్యేలు. అందరూ నవ్వారు. ఎడ్విన్‌కు తల కొట్టేసినట్టయింది. రాగితీగ చుట్టకు మైనం పట్టిస్తే ఊళ ఆగుతుందని ఎవరో చెప్పారు. క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ గిన్నెలో కరిగించి, కొత్త గరిటెను నూనెలో వేసినట్టు పికప్‌ను అందులో వేశాడు. మంట ఎక్కువైంది. చట్రం వంకరపోయి లోపల తీగ తెగింది.

పెట్టె మూగపోయింది. ఇక సుకుమారి పొయ్యి దగ్గర నిలవలేదు. ఎసరు పెట్టి ఒకసారి, గంజి వార్చి ఒకసారి, పరిగెత్తి వాడి ముక్కు కింద వేలు పెట్టి చూసేది.

చివరికి ముగ్గురూ గిటార్ తీసుకుని ఆత్మకూరు పోయారు. అక్కడ మైకుసెట్ల సిద్ధయ్య రెండు పికప్‌లు బల్ల మీద పెట్టాడు.

"ఇది మైనం పోసింది. గమ్మున ఉంటాది. ఇదేమో పాత మోడల్ మాదిరి చేసింది, మైనం లేదు. గొంతు బాగుంటాది గానీ నోరు ఆగదు."

"అట్టాంటిది ఇంట్లో ఒకటి ఉండాది లే అన్నా," అన్నాడు ఎడ్విన్, భార్య వైపు చూసి.

సుకుమారి నవ్వలేదు. "పాత మాదిరిదే కావాల."

"మళ్లీ నక్కంటాడు సామ్యేలు తాత."

"ఆదివారం ఒక్క పూట అంటాడు. కడమ దినాలు బిడ్డ ఊపిరి ఎవురు వింటారు? నువ్వు వింటావా?"

ఎడ్విన్ దాన్నే సిద్ధయ్య ముందుకు జరిపాడు. సిద్ధయ్య ఆ పికప్పే అతికించి, పెట్టె ఆన్ చేశాడు. బల్ల మీద నిద్రపోతున్న పిల్లవాడి పక్కన గిటార్ పెట్టారు. పెట్టెలోంచి సన్నటి పిల్లికూత వచ్చింది. దాని అడుగున ఇంకొక ఊపిరి. నిదానంగా, బరువుగా. మధ్యలో పొట్టు అడ్డం పడినట్టు చిన్న దగ్గు.

"ఫ్యాను మోత," అని సిద్ధయ్య ఫ్యాను ఆపాడు. ఊపిరి ఆగలేదు.

తిరుగు బస్సులో ఎడ్విన్ ఆమె వైపు వంగాడు. "అది బావ దగ్గే. ఈ పికప్‌ను బావ కంటితో కూడా చూళ్లేదు గదా."

"అన్న ఉండేది పికప్‌లో కాదయ్యా," అంది సుకుమారి. "చెక్కలో."

అప్పటినుంచి వంటింట్లో రెండు ఊపిర్లు వినపడేవి. మధ్యాహ్నం పూట ఆ పెద్ద ఊపిరి తడబడేది. ఒక్కోసారి ఆగేది. సుకుమారి పోయి బ్రిడ్జి మీద గోటితో తడితే మళ్లీ అందుకునేది. మొదట్లో చేతిలో పని పడేసి పరిగెత్తేది. పోనుపోను, పిల్లవాడికి దుప్పటి కప్పినంత మామూలైపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె పచ్చడి నూరుతోంది. రోటి చప్పుడులో ఊపిర్లు వినపడలేదు. పెట్టెలో ఉన్నట్టుండి టక్ టక్‌మంది. ఆమె చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తింది. గిటార్ దగ్గర ఎవరూ లేరు. పిల్లవాడి పెదాలు నీలంగా ఉన్నాయి.

ఎడ్విన్ జీపు పిలుచుకొచ్చాడు. బిడ్డను భుజాన వేసుకుని ఆమె గడప దాటుతుంటే, వెనక పెట్టెలో పెద్ద ఊపిరి అప్పటికే తడబడుతోంది. ఎడ్విన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆపబాక," అంది. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత జీపెక్కింది.

ఇప్పుడామె ఆత్మకూరు ఆసుపత్రిలో ఉంది. బిడ్డ తేరుకున్నాడు. వాడి రొమ్ముకు చెవి ఆనించి కూర్చుంది, ఇక్కడినుంచి కదిలే వీల్లేదు. కానీ మధ్యాహ్నమయ్యేసరికి చూపు తలుపు మీదికి పోతోంది.

మీలో ఎవరైనా ఉదయగిరి బస్సెక్కేవాళ్లుంటే, గరిటెల పనివాళ్ల వీధిలో దయాసాగర్ ఇల్లెక్కడని అడగండి. వంటింటి కిటికీ దగ్గర కాసేపు నిలబడి వినండి. ఊపిరి ఆడుతుంటే మీ దారిన మీరు రావచ్చు. ఆగిపోయి ఉంటే మాత్రం లోపలికి పోయి, మంచానికి ఆనించిన గిటార్ బ్రిడ్జి మీద గోటితో మెల్లగా తట్టండి. తలుపుకు తాళం వేయలేదు.