రెండు తరాల పాగా

భద్రాచలానికి ఎగువన, అడవి మొదలయ్యే చోట భీమ్లా తండా ఉంది. ఎనభై ఆరులో గోదావరి పొంగినప్పుడు భీమ్లా అనే రైతు ఒడ్డు మీదున్న నలభై గడపలను లేపి, గొడ్డూగోదతో సహా ఈ మిట్టకు నడిపించుకొచ్చాడు. ఒక్క ప్రాణం పోలేదు. నీళ్లు తీసినాక జనమంతా కలిసి అతని తలకు ఎర్ర పాగా చుట్టి నాయక్ అన్నారు. ఇక మీదట ఆ పెద్దరికం అతని వంశానిదేనని, తండ్రి తర్వాత కొడుకుదని మాట ఇచ్చుకున్నారు. పన్నెండేళ్లకు భీమ్లా పోతే పాగా కొడుకు చందూలాల్ తలకెక్కింది.

గట్టు తగాదా అయినా, ఆలుమగల పేచీ అయినా చందూలాల్ మంచం ముందుకే వచ్చేది. తండా పంచాయతీ అయ్యి సర్పంచి వచ్చినా జనం ఆ అలవాటు మానలేదు. వరద మాట అయితే ఇంకెవరినీ అడిగేవారే కాదు. రేవులో నల్లబండ మునిగితే కదలాలని భీమ్లా కొడుక్కి చెప్పి పోయాడు.

రెండువేల ఇరవై రెండు జూలైలో వాన ఎడతెగకుండా కురిసింది. ఒకరోజు పొద్దున ఇళ్లు ఖాళీ చేయమని తహసీల్దారు ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చాయి. జనం చందూలాల్ దగ్గరికి వచ్చారు. అతను గొడుగేసుకుని రేవుకు పోయి చూశాడు. బండ నీళ్ల పైన జానెడు కనిపిస్తోంది.

"ఇంకా టైమున్నది. బువ్వ తిని మధ్యాహ్నం పోదాం" అన్నాడు తిరిగొచ్చి.

భీమ్లా కాలంలో తండా వెనక రోడ్డు కట్ట లేదు. ఇప్పుడు అడవిలోంచి వచ్చి గోదాట్లో కలిసే వాగు ఎగదన్ని, ఆ కట్ట అడ్డం తగిలి తండా మీదికి మళ్లింది. నది వైపు చూస్తున్నవాళ్ల వీపు వెనక నుంచి నీళ్లొచ్చాయి. పిల్లల్ని భుజాలకెత్తుకుని, ముసలివాళ్లను మంచాల మీద మోసుకుని అందరూ బయటపడ్డారు, మేకలు పెంచుకునే జంపక్క తప్ప. టైముందన్న మాట మీద ఆమె పల్లానికి అవతల కట్టేసిన వాటి కోసం పోయింది. మూడోనాడు తుమ్మపొదల్లో శవమై దొరికింది.

చందూలాల్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. జంపక్క కూతురు సోని అతని చేతులు పట్టుకునే ఏడ్చింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడేమో. నీళ్లు తీసి తండాకు తిరిగొచ్చాక కూడా జనం ఎదురైతే మర్యాదగానే దండం పెట్టేవారు. తగాదాలు మాత్రం సర్పంచి ఇంటికి పోసాగాయి. అతనికి ముద్ద దిగడం లేదని భార్య కమ్లి కొడుక్కి ఫోన్ చేసింది. కొడుకు కోటేష్ మణుగూరులో బొగ్గు డంపర్ నడుపుతాడు.

దసరా దాటాక చందూలాల్ పంచాయితీ పిలిచాడు. పిలిచే హక్కు నాయక్ ఒక్కడిదే. ఆదివారం పొద్దున జనం వచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. తప్పు చేసినవాళ్లు కూర్చునే చోట, నేల మీద, నాయక్ కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా తనే చెప్పుకున్నాడు. బండను చూశానని, వాగును చూడాలన్న తెలివి లేకపోయిందని, శిక్ష వేయమని అడిగాడు.

పెద్దల్లో లచ్చిరాం లేచాడు. "లే నాయక్. నీళ్లకు నువ్వేం జేస్తవు?"

చందూలాల్ లేవలేదు. సోని వైపు తిరిగి, నువ్వన్నా చెప్పు బిడ్డా అన్నాడు. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"నువ్వు టైమున్నదన్నవు కాకా. అమ్మ నీ మాట నమ్మింది. గంతే. ఇంకేం జెప్పాలె నేను?"

అందులో నింద ఉందో క్షమ ఉందో అతనికి అంతు పట్టలేదు.

శిక్ష చెప్పాల్సింది కూడా నాయకే. అందుకని చందూలాల్ పాగా విప్పి, మణుగూరు నుంచి వచ్చిన కొడుకు ముందు రెండు చేతులా పట్టాడు. ఇది కట్టుకుని నాకు శిక్ష వెయ్యమన్నాడు. కోటేష్ దాన్ని ముట్టుకోలేదు.

"నాతోని గాదు బాపు. రేపు నా మాటిని ఇంకొకలు పోతే నేనేం గావాలె?"

వంశం బయటివాళ్లకు ఇవ్వడానికి పాత మాట అడ్డం. ఇమ్మని అడిగినవాళ్లూ లేరు. పత్తి ఏరే కూలీలు ఎదురు చూస్తుంటారని ఒకరు లేచారు, బస్సు వేళైందని మరొకరు. వాకిలి ఖాళీ అయినా చందూలాల్ అట్లాగే కూర్చున్నాడు. కమ్లి వచ్చి రెక్క పట్టి లేపింది.

తండాకు ఆ తర్వాత నాయక్ లేడు. తండ్రితో మొదలైన పెద్దరికం కొడుకుతోనే ఆగింది. అలవాటు కొద్దీ ఎవరైనా నాయక్ అని పిలిస్తే చందూలాల్ తల వంచుకుని పోతాడు. సోని కాకా అంటే మాత్రం నిలబడిపోతాడు, ఇవాళైనా ఆమె ఏదో ఒకటి అంటుందేమోనని. ఆమె మిరపతోట ఎట్లా ఉందని అడిగి, కమ్లి మోకాలి నొప్పి గురించి నాలుగు మాటలు మాట్లాడి, తన దారిన పోతుంది.